వ్యక్తిగత కారణాల వల్ల

ఏటా ఉగాదికి మా పట్టణంలోని సాహితీమిత్రులు కథల పోటీ పెడతారు. వచ్చిన కథల్లో మొదటి వడపోత పని నాలుగైదేళ్ళుగా నా నెత్తిన పడుతోంది. తెలుగు మాస్టారికి ఇంతకన్నా పనేముంటుందని వాళ్ళ ధీమా కాబోలు. ఈ నాలుగైదేళ్ళలో నేను గమనించిన మార్పు ఒకటుంది. రైతు కథలు పలచబడ్డాయి, సాఫ్ట్‌వేర్ కుర్రాడి కథలు గుట్టలు పడుతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో వీధికో ఇంజనీరు తేలిన తరవాత అది సహజమే. విడ్డూరమేమిటంటే, ఈ కథల్లో సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఉంటాడు గాని సాఫ్ట్‌వేర్ పని ఉండదు. వాడికి జీతం ఉంటుంది, అపార్టుమెంటు ఉంటుంది, నెలనెలా కట్టే వాయిదా ఉంటుంది, ఊళ్ళో ఒంటరిగా చచ్చిపోయే తల్లి ఉంటుంది. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి పది దాకా వాడు ఏం చేస్తాడో, ఎవరికోసం చేస్తాడో, ఆ పనికి ధర ఎవరు కడతారో కథలో ఎక్కడా కనపడదు.

ఇక ఉద్యోగం పోయే ఘట్టం. అది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ‘ఆర్థికమాంద్యం వల్ల ఉద్యోగం పోయింది’ అని రాసేస్తారు, వాయుగుండం వల్ల వాన పడింది అన్నంత తేలిగ్గా. ఆ తరవాత కథానాయకుడికి రెండే దారులు. ఉరి, లేకపోతే ఊరు. ఊరికి వచ్చినవాడు ఒకటిన్నర పేజీలో ప్రకృతి వ్యవసాయం చేసి సుఖపడతాడు. మెట్ట చెక్కల మీద మూడు తరాలు నలిగి, గిట్టక, రైలెక్కి పోయిన రైతుల ప్రాంతంలో ఇలాంటి ముగింపు రాయడానికి చాలా ధైర్యం కావాలి.

ఉరీ ఊరూ కాకుండా మూడో దారిలో బతికి బట్టకట్టినవాళ్ళు నాకు తెలుసు. నా దగ్గర పదో తరగతి చదివి, ఈ పనిలోకి వెళ్ళి, దెబ్బతిని, మళ్ళీ నిలదొక్కుకున్నవాళ్ళు. కథకులు ఒక్క వాక్యంలో దాటేస్తున్న ఆ ఘట్టం లోపల ఏముందో వాళ్ళు చెప్పినదాన్నిబట్టీ, లోకానికి తెలిసిన చరిత్రనుబట్టీ ఇక్కడ విప్పి చూపాలనుకుంటున్నాను.

ముందు ఈ పని స్వభావం తెలియాలి. మనవాళ్ళలో ఎక్కువమంది చేసేది సొంతంగా ఒక వస్తువు తయారుచేసి అమ్మే వ్యాపారంలో పని కాదు. అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్న ఒక బ్యాంకుకో, బీమా కంపెనీకో కంప్యూటర్ల పని చేసిపెట్టడానికి మనుషులు కావాలి. ఇక్కడి కంపెనీ ఆ మనుషుల్ని సమకూరుస్తుంది. మనిషికి గంటకింత అని అవతలివాడు కడతాడు. దీన్ని బిల్లింగు అంటారు. ఆ వచ్చినదానిలోంచి మనిషికి జీతమిచ్చి, మిగిలింది కంపెనీ ఉంచుకుంటుంది. ఇంగ్లీషు పదాల ముసుగు తీసేస్తే ఇందులో కొరుకుడుపడని అర్థశాస్త్రం ఏమీ లేదు. కంపెనీ అమ్ముతున్నది మనిషి గంటల్ని. అమ్ముడుపోయినంత కాలం మనిషి ప్రాజెక్టులో ఉంటాడు. అమ్ముడుపోనివాడు ‘బెంచి’ మీద ఉంటాడు.

ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా బళ్ళో బెంచీ ఎక్కించడం అంటే శిక్ష. ఏదో ఒక తప్పు చేస్తేనే ఎక్కిస్తాం. వాళ్ళ బెంచీకి తప్పుతో పనిలేదు. అవతలి దేశంలో ఒక బ్యాంకు తన ఖర్చు తగ్గించుకుంటే ఇవతలివాడు బెంచీ ఎక్కుతాడు. అక్కడ నెలా రెండు నెలలు కూర్చుంటే తన తప్పేదో ఉండే ఉంటుందని వాడికే అనిపించడం మొదలవుతుంది.

ఉత్తరాంధ్రకు ఈ ఏర్పాటు కొత్తది కాదు. గోగునార పండే ఈ జిల్లాల్లో జూటు మిల్లుల కార్మికుల్ని అడిగితే ‘బదిలీ’ అంటే ఏమిటో చెబుతారు. బదిలీవాడికి ఖాయమైన పని లేదు. షిఫ్టు మొదలయ్యే వేళకు గేటు దగ్గర నిలబడతాడు. ఖాయంవాడు ఎవడైనా రాకపోతే లోపలికి పిలుస్తారు, లేకపోతే ఇంటికి పోతాడు. బెంచి మీదవాడికి కొంతకాలం జీతం వస్తుంది, బదిలీవాడికి అదీ లేదు. అంచేత రెండూ ఒకటే అనను. కాని పని పెరిగితే లోపలికి లాక్కోవడానికీ, తరిగితే బయటికి నెట్టడానికీ వీలుగా కొంతమందిని ఎప్పుడూ అంచు మీద నిలబెట్టి ఉంచడమనే సూత్రం రెండుచోట్లా ఒకటే.

మరొకటి రేటింగు. ఏడాదికొకసారి ప్రతి జట్టులోనూ మనుషులకు తరగతులు కట్టబెడతారు. చాలా కంపెనీల్లో పై తరగతి ఎంతమందికివ్వాలో, అడుగు తరగతిలో ఎంతమంది పడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఉపాధ్యాయ మిత్రులు ఒక్కసారి ఊహించుకోండి. పరీక్ష పెట్టకముందే హెడ్మాస్టరు పిలిచి, నలభైమందిలో నలుగురు తప్పాలి, ఎవరో నువ్వే తేల్చు అంటే మనం ఏం చేస్తాం? అలా తేలిన నలుగురి పేర్లూ కోతల కాలం వచ్చేసరికి సిద్ధంగా ఉంటాయి.

ఈ కోతలు ఏనాటివి? చరిత్ర పొడుగ్గా చెప్పను. 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయం మనవాళ్ళకు అమెరికా తలుపులు తెరిచింది. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ వెలిసింది. 2001 నాటికే అక్కడి డాట్‌కామ్ బుడగ పేలి, వెళ్ళినవాళ్ళు చాలామంది తిరుగుముఖం పట్టారు. మన జిల్లాల్లో ఇంజనీరింగు చదువు విస్తరించింది సరిగ్గా ఈ కాలంలోనే. 1997లో విజయనగరంలోనూ రాజాంలోనూ, 2001లో టెక్కలిలోనూ ప్రైవేటు కాలేజీలు వచ్చాయి. 2007లో విజయనగరానికి జె.ఎన్.టి.యు. కాలేజీ వచ్చింది. 2008 తరవాత ఫీజు రీయింబర్స్‌మెంటు పుణ్యమా అని కూలీ ఇంటి పిల్లలూ అందులో అడుగుపెట్టారు. కొడుక్కి ఇంగ్లీషు చదువు చెప్పించి తీరాలని కన్యాశుల్కంలో వెంకమ్మ పట్టుబట్టి నూరేళ్ళు దాటింది. ఇప్పుడు వెంకమ్మలు కంప్యూటరు చదువుకు పట్టుబడుతున్నారు. అందులో తప్పేమీ లేదు. ఆ చదువు వాళ్ళను ఏ మార్కెట్టుకు తీసుకుపోతోందో, ఆ మార్కెట్టు కట్టుతాళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పేవాళ్ళు మాత్రం లేరు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన డైరెక్టర్లకు రాసిన ఉత్తరం బయటపడింది. కంపెనీ లెక్కల్లో ఉన్నట్టు చూపించిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవు. యాభై వేల పైచిలుకు ఉద్యోగులున్నట్టు చెప్పుకున్న కంపెనీ అది. ఆ ఉత్తరంలో తన పరిస్థితిని పులి మీద స్వారీతో పోల్చుకున్నాడాయన. పత్రికలన్నీ ఆ పులిని పట్టుకుని నెలల తరబడి ఆడించాయి. సాహిత్య విద్యార్థిగా నాకు అప్పుడే ఒక సందేహం వచ్చింది. మోసం చేసినవాడికి ఒక ఉపమానం దొరికింది. మోసపోయి రోడ్డున పడిన ఉద్యోగి కోసం మన భాషలో ఒక్క ఉపమానమైనా పుట్టిందా?

ఉపమానం పుట్టలేదు గాని ఒక పరిభాష పుట్టింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని చేజిక్కించుకుంది. జూన్ నెలలో వేలాదిమందిని ‘వర్చువల్ పూల్’ అనేదాంట్లో పెట్టారు. ఆఫీసుకు రానక్కర్లేదు, మూలవేతనం, ప్రావిడెంటు ఫండు, వైద్యబీమా వంటివి ఆరునెలల పాటు ఇస్తారు, ఈలోగా పని పుడితే పిలుస్తారు. వర్చువల్ పూల్ అంటే మాయా మడుగు. ఆ మాట వింటే తెలుగు చెప్పేవాడికి మయసభ గుర్తు రాక తప్పదు. నేల అనుకుని అడుగేస్తే నీళ్ళు. అయితే మయసభలో జారిపడినవాడు రారాజు గనక ఆ అవమానం మీద ఒక మహాయుద్ధమే నడిచింది. ఇక్కడ జారిపడినవాళ్ళు ఎవరికీ చెప్పుకోకుండా తడిబట్టలతో ఇళ్ళకు పోయారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రాజుకూ మరో తొమ్మిదిమందికీ ఏడేళ్ళ శిక్ష వేసింది. మే నెలలో పై కోర్టు ఆ శిక్ష అమలు నిలిపి బెయిలిచ్చింది. ఇదంతా రికార్డుల్లో ఉంది. మడుగులో పడినవాళ్ళ బతుకులు ఏ రికార్డులో ఉన్నాయి? అవి ఎక్కవలసిన చోటు కథే.

ఆ తరవాతి విడతలు పాఠకులకు తాజాగానే గుర్తుంటాయి. 2022 నవంబరు నుంచి 2023 జనవరి లోపల మెటా 11,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని, గూగుల్ 12,000 మందిని, అమెజాన్ 18,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. వీళ్ళలో హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి అరవై రోజులు గడువు. ఈలోగా ఇంకొక యజమాని దొరక్కపోతే, వేరే రకం వీసాకు మారకపోతే, బడిలో చదివే పిల్లలతో సహా దేశం విడవాలి. 2025 జులైలో మన దేశంలోనే టి.సి.ఎస్. పన్నెండు వేలమందికి పైగా, అంటే నూటికి ఇద్దరిని తగ్గిస్తానంది. మనిషి రాసే ప్రోగ్రామును యంత్రమే రాసిపెట్టే రోజులు వచ్చాయి గనక ఇది ఇక్కడితో ఆగేది కాదు.

ఇంతవరకు చెప్పింది పత్రికల్లో దొరుకుతుంది. దొరకనిది ఒక కాగితం.

నా పాత విద్యార్థి ఒకడికి 2023లో హైదరాబాదులో ఉద్యోగం పోయింది. కంపెనీ పేరు అనవసరం. ఒక శుక్రవారం సాయంత్రం గదిలోకి పిలిచి, రెండు దారులున్నాయన్నారట. రాజీనామా చేస్తే రెండు నెలల జీతమూ, మంచి సర్టిఫికెట్టూ ఇస్తాం. చెయ్యకపోతే మేమే తీసేస్తాం, ఆ మచ్చ నీ కాగితాల మీద పడుతుంది. ఆలోచించుకోవడానికి అరగంట టైము. రాజీనామా ఎలా రాయాలో నమూనా వాళ్ళే ఇచ్చారు. అందులో ఒక వాక్యం: ‘వ్యక్తిగత కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను’. అదే రోజు ఆ కంపెనీలో నాలుగువందల మందికి పైగా అదే వాక్యం రాశారని వాడు తరవాత తెలుసుకున్నాడు. ఒకే సాయంత్రం నాలుగువందల మందికి వ్యక్తిగత కారణాలు పుట్టుకురావడం చిత్రం కాదూ!

ఎనిమిదో తరగతి పిల్లలకు కర్తరి, కర్మణి వాక్యాలు చెబుతాం. ‘కంపెనీ నన్ను తీసేసింది’ అన్న వాక్యంలో కంపెనీ కర్త, నేను కర్మ. ‘నేను రాజీనామా చేస్తున్నాను’ అన్నప్పుడు కర్త నేనే. కంపెనీ వాక్యంలోంచి మాయమైపోయింది. ఒక సంతకంతో కర్మ కర్త అయిపోయాడు. ఇది వ్యాకరణ చమత్కారం అనుకునేరు. దీనికి రూపాయల్లో విలువ ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కార్మికుణ్ణి తీసెయ్యాలంటే ఒక నెల నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వాలి, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారం కట్టాలి. సాంకేతిక పని చేసేవాడు కూడా కార్మికుడే, మేనేజరు స్థాయివాడు మాత్రం కాడు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడు వచ్చింది. సమ్మె మీద అది పెట్టిన ఆంక్షలు వేరే చర్చించవలసినవి. ఈ పరిహారపు నిబంధనను మాత్రం అది అట్టేపెట్టింది, తీసేసినవాడు మళ్ళీ పని నేర్చుకోవడానికి మరో పదిహేను రోజుల వేతనం ఇవ్వాలని చేర్చింది. కాని ఇవన్నీ తీసెయ్యబడ్డవాడికి. తనంతట తాను మానేసినవాడికి ఇందులో ఏ ఒక్కటీ రాదు. ఆ నమూనా ఉత్తరం ఎందుకు సిద్ధంగా ఉందో ఇప్పుడు తెలుస్తుంది.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ వాక్యం ఆఫీసు ఫైల్లో ఆగదు. మనిషితో పాటు ఇంటికి వస్తుంది. నావాడు ఏడు వారాలపాటు పెళ్ళానికి చెప్పలేదు. పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని బయల్దేరి, పార్కులోనో మెట్రో స్టేషన్లోనో కూర్చుని, సాయంత్రం ఇంటికి చేరేవాడు. ఊరికి ఫోను చేసి జీతం పెరిగిందని కూడా చెప్పాడట! ఎందుకురా అని అడిగితే, “ఎక్కడో నేనే సరిగ్గా చెయ్యలేదేమో అనిపించేది మాస్టారూ” అన్నాడు. అదిగో, వ్యక్తిగత కారణం. బలవంతాన రాయించిన అబద్ధాన్ని వాడు నిజమని నమ్మేశాడు. ఈ దెబ్బలో అతి లోతైన గాయం ఇదని నా అభిప్రాయం. జీతం పోవడం కన్నా లోతైనది. దీన్ని మన కథకులు పట్టుకోలేకపోవడానికి కారణం వాళ్ళు కూడా ఆ వాక్యాన్ని నమ్మడమే. ‘వాడు తట్టుకోలేకపోయాడు’ అని రాసే ప్రతి కథా ఆ రాజీనామా ఉత్తరానికి నకలు.

వాడు దీంట్లోంచి ఎలా బయటపడ్డాడన్నది చెప్పాలి. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు నాలుగు కొన్నాడు. ‘నిన్ను నువ్వు మార్చుకో’ అని అవి బోధిస్తాయి. అంటే లోపం నీలోనే ఉందన్నమాట. రాజీనామా ఉత్తరాన్నే మూడొందల పేజీలకు పెంచి అట్ట వేసి అమ్ముతున్నారు. వాటివల్ల వాడికి నిద్ర మరింత దూరమైంది. చివరికి భార్యకు బ్యాంకు నుంచి వాయిదా తప్పిన సందేశం వచ్చింది. ఆమె గోల చెయ్యలేదు. మామగారికి ఫోను చేసింది.

ఆ మామగారు జూటు మిల్లులో బదిలీవాడుగా చేరి ఖాయమైన మనిషి. లాకౌట్లు చూసినవాడు. మర్నాడే ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్ళాడు. అక్కడ జరిగిన సంభాషణ నావాడు నాకు రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ ఒకే మాటల్లో చెప్పాడు గనక నమ్ముతున్నాను.

“మిల్లు మూసీసినప్పుడు మేవేటి చేసినాం? గేటు కాడ టెంటేసుకుని కూకున్నాం. ఆడిదీ ఈడిదీ కలిపి గంజి కాసుకున్నాం. ఎవుడూ ఇంట్లో దూరి తలుపేసుకోనేదు. నీతోపాటు ఎంతమందిని తీసీసినారు?”

“నాలుగొందలు పైన, నాన్నా.”

“మరి ఆ నాలుగొందల మందీ ఏరీ?”

ఈ ప్రశ్నకు వాడి దగ్గర జవాబు లేదు. పక్క కుర్చీవాడు ఏమయ్యాడో కూడా తెలియదు. అప్పుడు ఆ పెద్దాయన మరో మాటన్నాడట. “మా తాత రంగం నుంచి నడిచొచ్చినాడు. పనీ పోయింది, పెట్టీ పోయింది. ఆడు సిగ్గుపడి దాక్కున్నాడేటి? బాంబు ఆడెయ్యనేదు గదా!”

రంగం అంటే రంగూను. ఈ తరం పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం చివరినుంచే మన తీరపు రేవుల్లో ఓడలెక్కి వేలమంది బర్మా వెళ్ళారు. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోసిన చేతులు చాలావరకు తెలుగు చేతులు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నారు. ఆ చిచ్చు రెండు జాతుల పేదవాళ్ళ మధ్య కొట్లాటగా మారి ఎంతోమంది తెలుగువాళ్ళ ప్రాణాలు తీసింది. ఎవరి గంటలు చవగ్గా దొరికితే వాళ్ళను కొనుక్కోవడం, అమ్ముకునేవాళ్ళు తమలో తాము కొట్టుకోవడం అన్నది కంప్యూటర్లతో మొదలైన వ్యవహారం కాదు. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ తరవాతి నెలల్లో లక్షల మంది భారతీయులు ఇంటిముఖం పట్టారు. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు కొండలూ అడవులూ పడి నడిచారు. దారిలో పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు ఊరు చేరారు. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చాక వచ్చినవాళ్ళ ఆనవాళ్ళు విశాఖలో బర్మాక్యాంపు పేరులో ఇంకా ఉన్నాయి.

అంటే వలసపోవడం, పోయినచోట పని విరగడం, ఉత్తచేతులతో తిరిగి రావడం ఈ నేలకు బాగా తెలుసు. దాన్ని చెప్పుకునే మాటలూ తెలుసు. ‘రంగం చెడిపోయింది’ అనేవారు, ‘మిల్లు పడిపోయింది’ అనేవారు. ఆ వాక్యాల్లో కర్తలు చూడండి. రంగం చెడింది, మిల్లు పడింది. మనిషి చెడలేదు, పడలేదు. చదువు లేనివాళ్ళు వాక్యాన్ని సరిగ్గా నిర్మించారు. మనం పదిహేనేళ్ళు చదివించిన పిల్లలు దాన్ని తలకిందులుగా రాసి సంతకం పెడుతున్నారు. తెలుగు మాస్టారుగా ఇది నా శాఖకు సంబంధించిన విషయమే.

ఆ తండ్రి వెళ్ళడంతో అన్నీ సర్దుకుపోయాయని రాస్తే నేనూ పోటీ కథకుల జాబితాలో చేరతాను. కొత్త ఉద్యోగం రావడానికి మరో ఎనిమిది నెలలు పట్టింది, అది పాత జీతంలో మూడింట రెండు వంతులకు. ఇల్లు అమ్మేశారు. కాని ఆ వారంలోనే వాడు పక్క కుర్చీవాడికి ఫోను చేశాడు. వాడూ పార్కులోనే కూర్చుంటున్నాడు, వేరే పార్కులో. ఇద్దరూ కలిసి మరికొందరిని వెతికారు. ముప్ఫై ఎనిమిదిమంది పోగయ్యారు. ఏ కంపెనీలో ఏ పని ఉందో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఇంటర్వ్యూలో ఏమడిగారో రాసిపెట్టుకున్నారు. ఒకరికి వచ్చిన పని ఇంకొకరికి కొత్తదైతే రాత్రిళ్ళు కూర్చుని నేర్పుకున్నారు. నలుగురైదుగురు వకీలును కలిశారు. సంతకం పెట్టాక పెద్దగా ఏమీ చెయ్యలేమని ఆయన చెప్పాడు. ఆ మాట ముప్ఫై ఎనిమిదిమందికీ తెలిసింది గనక రెండోసారి సంతకం అడిగితే ఏం చెయ్యాలో వాళ్ళకు తెలుసు. దీన్ని యూనియన్ అనడానికి వాళ్ళు ఇంకా జంకుతున్నారు. ఐ.టి. ఉద్యోగులకూ సంఘం పెట్టుకునే హక్కుందని తమిళనాడు ప్రభుత్వం 2016లోనే స్పష్టంగా చెప్పింది. 2017లో కర్ణాటకలో ఐ.టి. ఉద్యోగుల యూనియన్ ఏర్పడింది. మనవాళ్ళు కూడా ఆ మాటకు వస్తారు. పేరు ముందు రాకపోయినా పని ముందు వచ్చింది.

ఇక్కడ మన మిత్రులు కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. లక్షల జీతాలు తిన్న మధ్యతరగతివాడి కష్టం మీద అభ్యుదయ పత్రికలో ఇన్ని పేజీలా అని. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోను. ఫలక్‌నుమా రైల్లో ఏ.సి. పెట్టెలో ఈ కుర్రాళ్ళు పోతుంటే, జనరల్ పెట్టెలో మన జిల్లాల తాపీకూలీలు తలుపు దగ్గర నిలబడి పోతుంటారు. ఈ కుర్రాళ్ళు కూర్చునే అద్దాల మేడలు కట్టేది వాళ్ళే. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల మేడ కూలి 61 మంది చనిపోతే వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు. ఆ చావునూ ఈ ఉద్యోగం ఊడడాన్నీ ఒక తక్కెట్లో వెయ్యడం నాకు చేతకాదు. నా ప్రశ్న వేరే. రెండు పెట్టెలూ ఒకే ఇంజను లాగుతోందని ఏ.సి. పెట్టెలోవాడికి ఎప్పుడు తెలుస్తుంది? ఉద్యోగం పోయిన రోజున తెలిసే అవకాశం ఉంది. ఆ రోజున కథకుడు వాడికి ఉరితాడో నాగలో ఇచ్చి పంపించేస్తే ఆ అవకాశం కాస్తా పోతుంది. కారా మాస్టారు 1964లో ‘యజ్ఞం’ రాసినప్పుడు ఊరికి రోడ్డూ బడీ వచ్చిన అభివృద్ధి లెక్క పక్కనే అప్పు లెక్కను కూడా పెట్టి చూపించారు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టడమే ఆ కథ బలం. ఈ కుర్రాళ్ళ ఇళ్ళలో చదువు అప్పు, ఇంటి అప్పు, చెల్లెలి పెళ్ళి అప్పు ఉన్నాయి. లెక్క వెయ్యగల కథకుడే ఇంకా రాలేదు.

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. పోటీకి వచ్చే కథల్లో ఆమె ఉద్యోగం కాపురానికి అడ్డమొచ్చే వస్తువుగానే కనిపిస్తుంది. నా విద్యార్థిని ఒకామె ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని చేసేది. కానుపుకు సెలవు పెట్టి వచ్చేసరికి ఆ పని యంత్రానికి అప్పగించారు. ఆమెకు అడుగు రేటింగు ఇచ్చారు. ఏడాదిలో సగం పనిలో లేదు కాబట్టి అన్నారట! 2015 జనవరిలో చెన్నైలో ఒక గర్భవతి ఉద్యోగిని తన తొలగింపు మీద మద్రాసు హైకోర్టుకెళ్ళి స్టే తెచ్చుకుంది. ఈమెకు ఆ సంగతి అప్పట్లో తెలియదు. మూడేళ్ళు ఇంట్లో ఉండిపోయింది. పెళ్ళినాడు జీతం చూసి మురిసిన అత్తవారే, పోతే పోయిందిలే, నీకెందుకమ్మా ఆ తిప్పలు అన్నారు. ముష్టివాళ్ళ లోకంలో కూడా సంబంధం సంపాదనను బట్టే తేలుతుందని చాసో ‘ఎంపు’లో చూపించాడు. సంపాదన పోయాక ఎంపికైనదాని గతి ఏమిటన్నది ఆ కథకు రావలసిన రెండో భాగం. ఈమె విశాఖలో తనలాంటి మరో ముగ్గుర్ని పోగుచేసి, పిల్లల్ని ఒకరింట్లో వదిలి, మధ్యాహ్నాలు కూర్చుని ఆ యంత్రం చేత పని చేయించడమే నేర్చుకుంది. నలుగురిలో ఇద్దరికి పని దొరికింది. ఇంటర్వ్యూలో మాత్రం ప్రతిచోటా ఒకటే ప్రశ్న: ఈ మూడేళ్ళ ఖాళీ ఏమిటి? “ఖాళీ ఏమిటండీ, నడుం వాల్చే తీరిక ఉంటే గదా!” అని ఆమె నాతో అంది. ఇంటర్వ్యూలో అనలేదు.

మొన్న జనవరిలో మా నెలవారీ సమావేశానికి ఈ ఇద్దర్నీ, ఇంకో ఇద్దర్నీ పిలిచాను. కథకులు వినాలని, వాళ్ళ పని గురించి చెప్పమన్నాను. మొదట్లో జంకారు. తరవాత రెండు గంటలు ఆపలేదు. బిల్లింగు, బెంచి, రేటింగు, ఆ నమూనా ఉత్తరం, అన్నీ వచ్చాయి. చివర్లో ఒక యువ కథకుడు లేచి, మిమ్మల్ని గదిలోకి పిలిచి సంతకం పెట్టించిన ఆ మేనేజరు ఎలాంటివాడు, వాణ్ణి కథలో ఎలా చూపించాలి అని నావాణ్ణి అడిగాడు. విలన్ కోసం వెతుకుతున్నాడని నాకర్థమైంది.

“ఆయన చాలా మంచివాడండీ. ఆ సాయంత్రం నాతో మాట్లాడుతున్నప్పుడు చేతులు వణికాయి. మా లిస్టు పూర్తి చేసిన మర్నెల ఆయన్నీ పిలిచారు. ఆ ఉత్తరమే ఇచ్చారు” అన్నాడు వాడు. “ఇప్పుడు మా ముప్ఫై ఎనిమిదిమందిలో ఆయనొకరు.”